గీతల కింద మెరుగు

"అది మా నాన్న పిస్తోలు కాదు."

లోరెన్స్ హైమ్ పొద్దుటి నుంచీ ఈ ఒక్క మాటే పట్టుకుని వేలాడుతున్నాడు. పోలీసు ఠాణాలో బల్లకి అటువైపు అతను, ఇటువైపు నేనూ డ్రెసెనూ. మధ్యలో ప్లాస్టిక్ సంచిలో పి-38 పిస్తోలు, యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన రకం. మొన్న పాత తుపాకుల వ్యాపారి ఓట్‌ఫ్రీడ్ లాంగుట్‌ని అతని దుకాణంలోనే వీపులో కాల్చి చంపింది దీంతోనే అని ప్రయోగశాల వాళ్ళు తేల్చేశారు. ఈ సాయంత్రం నాలుగింటికి హైమ్‌ని జడ్జి ముందు నిలబెట్టాలి. ఆవిడ తల ఊపితే అతను అటు నుంచి అటే జైలుకి.

"నీ పిస్తోలు ఎలా ఉంటుందో ఊరంతా చాటింది నువ్వే కదయ్యా," అన్నాడు డ్రెసెన్. "నంబరు లేదు, ఒళ్ళంతా గరుకు, యుద్ధం ఆఖరి రోజుల్లో మీ నాన్న కర్మాగారంలోంచి టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చాడు. బీరు తాగిన ప్రతిసారీ ఇదే కథ. ఇదిగో, నంబరు లేదు. గరుకుగా ఉంది. శవం పక్కనే దొరికింది. ఇంకేం కావాలి నీకు?"

"ఉండేది సార్. ఇప్పుడు లేదు. బెర్లిన్ గోడ కూలిన ఏడాది రాట్షర్ చెరువులో పారేశాను."

"అయితే చెరువుని పిలిపించి సాక్ష్యం అడుగుదామా?"

హోల్గర్ డ్రెసెన్ పశ్చిమ జర్మనీ నుంచి మా సూల్ పట్నానికి వచ్చి రెండేళ్ళయింది. మాకు చట్టం నేర్పడానికి పంపారట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కానీ చెడ్డవాడు కాదు, లంచం తినడు, అబద్ధం రాయడు. చెడ్డవాడైతే నా పని ఇంకొంచెం తేలికయ్యేది.

"మొన్న రాత్రి ఎనిమిదింటికి లాంగుట్ దుకాణం తలుపు బాదుతూ బూతులు తిట్టావు. నలుగురు విన్నారు," అన్నాడు డ్రెసెన్.

"తిట్టాను. ముందురోజు మా నాన్నని దొంగ అన్నాడు, అందరి ముందూ. చచ్చినవాణ్ణి దొంగ అంటే ఊరుకోమంటారా? బాదాను. తలుపు తియ్యలేదు. ఇంటికెళ్ళి పడుకున్నాను."

"అంతకుముందు?"

"ష్లాయ్‌సింగెన్‌లో మా చెల్లెలింట్లో ఆలుగడ్డలు సంచులకెత్తుతున్నాను. మధ్యాహ్నం నుంచీ అక్కడే. ఆరున్నర బస్సుకి దిగాను. బస్సులో సగం మంది నన్నెరిగినవాళ్ళే."

"ఆరున్నరకి ముందు సంగతి నాకెందుకు? డాక్టరు మూడింటికీ తొమ్మిదింటికీ మధ్య ఎప్పుడైనా పోయి ఉండొచ్చన్నాడు. ఎనిమిది ఆ మధ్యలోనే ఉంది."

నేను ముందుకి వంగాను. "లోరెన్స్, ఒక్కటి చెప్పు. ఆ పిస్తోలు చేతికి ఎలా తగిలేది?"

హైమ్ నా వైపు తిరిగాడు. అతని కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. "ఎలా అంటే? గెర్లిండే, అది చెయ్యి కోసేది. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న చూడకుండా పైన జరిగే స్లైడు లాగాను, అరచేతి తోలు లేచొచ్చింది. అమ్మ దాన్ని ఉన్నిగుడ్డలో చుట్టి పెట్టేది. పిస్తోలు పాడవుతుందని కాదు, మా వేళ్ళు తెగుతాయని."

నేను చేతి తొడుగు వేసుకుని సంచి విప్పాను. స్లైడు అంచు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి బొటనవేలు పోనిచ్చాను. ఎక్కడా పట్టలేదు, గీరలేదు. పిడి వెనక మూల మీద, గొట్టం మూతి మీద కూడా అంతే. పక్కలు చూస్తే దున్నిన చేనులా గీతలు, అంచులు చూస్తే పసిపిల్ల చేతికివ్వొచ్చు.

"ఇది కోయడం లేదు," అన్నాను.

"యాభై ఏళ్ళలో అరిగి ఉంటుంది," అన్నాడు డ్రెసెన్.

"ఉన్నిగుడ్డలో ఉన్నది అరుగుతుందా?"

"ఉన్నిగుడ్డ కథ చెప్పింది ముద్దాయే కదా! మీరిద్దరూ బడిలో ఒకే బెంచీ అని విన్నాను అన్సోర్గ్ గారూ. చిన్ననాటి స్నేహం గొప్పదే. కానీ పిస్తోలు ఇతనిదేనని రాసిచ్చింది ఎవరో తెలుసా? ఎగ్‌బర్ట్ ట్రౌట్ మేస్త్రి. కోర్టులో ప్రమాణం చేసిన నిపుణుడు. ఆయనకన్నా మీ బొటనవేలికి ఎక్కువ తెలుసా?"

తెలుసో లేదో చూద్దామనుకున్నాను. మా ఇద్దరిదీ ఒకే బెంచీ అన్నమాట మాత్రం నిజమే. బడిపిల్లలందర్నీ వారానికో రోజు తుపాకుల కర్మాగారానికి పంపే కాలంలో చదువుకున్నాం మేము. అక్కడ నేర్పే మొదటి పాఠం అంచు చంపడం. లోహాన్ని కోసిన తర్వాత దాని అంచు కత్తిలా ఉంటుంది, సానరాయితో ఒక్కసారి సుతారంగా రుద్ది ఆ పదును తీసెయ్యాలి. మరిచిపోయామా, అక్కడి మేస్త్రి ఆ ముక్క తెచ్చి మన మెడ వెనక రాసేవాడు. మళ్ళీ జన్మలో మరిచిపోయేవాళ్ళం కాదు.

పిస్తోలుకి సంతకం పెట్టి తీసుకుని బయటికొచ్చాను. వరండాలో హైమ్ భార్య రోజెల్ ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. దాన్ని లోపలికి పంపనివ్వలేదట.

"గెర్లిండే, రాత్రికి ఇంటికొస్తాడా?"

"ఇంకా ఏదీ తేలలేదు రోజెల్."

"అది కాదే, ఆలుగడ్డ ముద్దలకి తురుము పట్టుకోవాలి. ఒక్కదాని కోసం అంత చాకిరీ ఎవరు చేస్తారు? వస్తాడంటే పడతాను."

"పట్టు," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

*

లాంగుట్ దుకాణం సీలు తీసి లోపలికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. వెనక గదిలో ఉత్తరం కిటికీ కింద పని బల్ల, దాని మీద పచ్చ గుడ్డ, గుడ్డ మీద వరసగా మూడు పి-38లు. ఆయన పడిపోయినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంచారు. కంటికి పెట్టుకునే భూతద్దం నేలమీద దొరికింది. అంటే పోయే క్షణంలో ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు.

మూడోది ముందు తీసుకున్నాను. పందొమ్మిదొందల నలభై ఐదు నాటిది. బూడిద రంగు, పక్కల నిండా యంత్రం కోసిన గీతలు. నీలం పూత కూడా అక్కడక్కడా వదిలేశారు. అప్పటికి ముందు నుంచి రష్యన్లు, వెనక నుంచి అమెరికన్లు, మెరుగు పెట్టే తీరిక ఎవరికుంది? పేలితే చాలు. బొటనవేలు పెట్టగానే తొడుగు చీరుకుంది. హైమ్ అమ్మగారు ఉన్నిగుడ్డ ఎందుకు చుట్టిందో నాకు బాగా అర్థమయింది.

రెండోది నలభై మూడు. నీలం ఉంది, మెరుగూ ఉంది, కానీ ఏటవాలుగా పట్టి చూస్తే తొందర తొందరగా రుద్దిన చారలు తేలుతున్నాయి. మొదటిది నలభై ఒకటి. నల్లటి నీలం, అందులో నా మొహం కనిపిస్తోంది, కళ్ళ కింద నల్లచారలతో సహా. సేకరణకర్తలు ప్రాణం పెట్టేది ఇలాంటి వాటికే. గరుకుదానికి పదిమంది బేరగాళ్ళుంటే దీనికి వందమంది.

దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. స్లైడు పక్కన సైన్యం తనిఖీదారు కొట్టిన గద్ద ముద్ర ఉంది. ఆ గద్దకి రెక్కల్లేవు. ఉన్నాయి గానీ, చెరిగిపోయిన నాణెం మీద బొమ్మలా పల్చగా ఉన్నాయి.

అప్పుడే వెనక డ్రెసెన్ గొంతు వినిపించింది. "పిస్తోలు పట్టుకుని ఇక్కడికొస్తారని తెలుసు. ట్రౌట్ మేస్త్రిని కూడా రమ్మన్నాను. మీ సందేహాలేవో ఆయన్నే అడిగి తీర్చుకోండి."

"చాలా మంచిపని చేశారు. ఆయన వచ్చేలోపు మీ సందేహం ఒకటి తీర్చనా? లాంగుట్ చచ్చిపోయింది రాత్రి ఎనిమిదింటికి కాదు."

"అబ్బో! డాక్టరు చదువు కూడా చదివారా?"

"దీపం చూడండి."

పని బల్ల దీపం చెయ్యి మడిచి గోడకి ఆనించి ఉంది, దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంది.

"హంతకుడు ఆర్పి వెళ్ళి ఉంటాడు."

"ఆర్పి, మడిచి, గుడ్డ కూడా కప్పి? ఎంత శుభ్రమైన హంతకుడండీ! డ్రెసెన్ గారూ, ఈ ఊళ్ళో మెరుగు ఎవ్వరూ దీపం కింద చూడరు. దీపం అబద్ధాలాడుతుంది, మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఒకేలా మెరిపిస్తుంది. ఉత్తరం కిటికీ కింద పగటి వెలుతురులోనే చూస్తారు. మా తాతల కాలం నుంచీ అంతే. అందుకే ఈ ఊరి పని గదులన్నీ ఉత్తరానికే తెరుచుకుంటాయి. భూతద్దం పెట్టుకుని మూడు పిస్తోళ్ళు పోల్చుకుంటున్నాడంటే కిటికీలో వెలుతురు ఉన్నట్టే. అక్టోబరు నెలాఖరులో ఐదు కొట్టాక వెలుతురెక్కడిది?"

డ్రెసెన్ కిటికీ వైపు తిరిగాడు. నేను ఆగలేదు.

"కిటికీ ఇనప రెక్కలు కూడా తెరిచే ఉన్నాయి. తుపాకుల దుకాణం వాడు చీకటి పడ్డాక కిటికీ బార్లా తెరిచి కూర్చుంటాడా? ఆయన ఐదుకి ముందే పోయాడు. ఐదుకి ముందు హైమ్ ష్లాయ్‌సింగెన్‌లో ఆలుగడ్డలెత్తుతున్నాడు."

"ఇవన్నీ ఊహలు. పిస్తోలు ఊహ కాదు," అన్నాడు డ్రెసెన్. కానీ వెళ్ళి కిటికీ రెక్క ఊపి చూశాడు, దీపం మీది గుడ్డ ఎత్తి చూశాడు. ఆ రెండేళ్ళలో మొదటిసారి నేను చెప్పింది అతను చేత్తో తాకి చూడడం.

ముందు గది తలుపు గంట మోగింది. ట్రౌట్ మేస్త్రి వచ్చాడు. అరవై ఐదేళ్ళు, ఇస్త్రీ చొక్కా, టోపీ చేతిలో. లాంగుట్ పడిన చోటు చూసి తల దించుకున్నాడు. ఎంత పద్ధతైన మనిషి! యుద్ధం ముగిసేనాటికి పక్కూరు జెల్లా-మేలిస్‌లో మెరుగు గదిలో కుర్రాడు. ఆ తరంలో అంత చెయ్యి ఉన్నవాడు ఇంకొకడు లేడని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

"నమస్కారం మేస్త్రి గారూ. పనిలో పని, ఈ నలభై ఒకటి చూడండి. నాకు మొహం కనిపించింది ఇందులో!"

ఆయన మొహం విప్పారింది. "కనిపించకేం? అప్పటి పని అలాంటిది. నేనే తెచ్చిచ్చానమ్మా ఓట్‌ఫ్రీడ్‌కి. మైనింగెన్‌లో ఓ ముసలావిడ అటక మీద దొరికింది. ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు, కర్మాగారంలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది."

"మరి గద్ద ఎందుకిలా చిక్కిపోయింది?"

"ఏ గద్ద?"

"తనిఖీ ముద్ర. ముందు మెరుగు పెడతారు, తర్వాత ముద్ర కొడతారు. కొట్టినచోట లోహం పొంగి చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. మిగతా రెండిటి మీదా గోటికి తగులుతోంది. దీని మీద లేదు. ముద్ర కొట్టాక ఎవరో మళ్ళీ మెరుగు పెట్టారు."

డ్రెసెన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తొడుగు తీసేసి మూడింటి మీదా గోరు పెట్టి చూశాడు.

నేను బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకుని పిడికున్న ఒకే ఒక మర విప్పాను. పిడి పలకలు రెండూ ఊడి వచ్చాయి. పలకల కింద, ఎవరూ చూడని చోట, బూడిద రంగు లోహం మీద యంత్రం గీతలు దట్టంగా ఉన్నాయి. అచ్చం మూడో పిస్తోలు మీద ఉన్నట్టే.

"యుద్ధం చివరిదాన్ని తీసుకొచ్చి యుద్ధం మొదటిదాని చొక్కా తొడిగారు," అన్నాను. "లాంగుట్ మొన్న మధ్యాహ్నం ఈ కిటికీ కింద తేల్చుకున్నది ఇదే. అందుకే మూడూ పక్కపక్కన పెట్టాడు."

"నన్నెవరో మోసం చేసుంటారు," అన్నాడు ట్రౌట్. గొంతులో తొణుకు లేదు. "ముసలావిడని నమ్మాను. వయసు మీదపడ్డాక కళ్ళు కూడా…"

"కళ్ళకేం మేస్త్రి గారూ, నిన్న ఇదే కళ్ళతో హైమ్ది అంటున్న పిస్తోలు చూసి రాసిచ్చారు కదా. ఏం రాశారు? 'అంచులు యంత్రం వదిలినట్టే పదునుగా ఉన్నవి, యుద్ధం చివరినాటి పనికి ఇది గుర్తు.' అంతేనా డ్రెసెన్ గారూ?"

"అంతే," అన్నాడు డ్రెసెన్.

సంచిలోంచి హత్య చేసిన పిస్తోలు తీసి డ్రెసెన్ చేతిలో పెట్టాను. "ఇందాక ఎలాగూ తొడుగు తీసేశారు. వేలిముద్రల వాళ్ళ పని అయిపోయింది. బొటనవేలితో అంచు తడమండి, గట్టిగా."

అతను తడిమాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. తర్వాత మూడో పిస్తోలు అంచు తడిమి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలి చివర సన్నటి ఎర్రగీత.

"దీని పిడి కూడా విప్పండి," అన్నాను.

మర విప్పడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. పలకలు తీసి కిటికీ వైపు తిప్పాడు. లోపల నల్లటి నీలం, నిగనిగలాడే మెరుగు.

"ఇది మొదటిరోజుల పిస్తోలు," అన్నాను. "నంబరు అరగదీసి, ఆకురాయితో పక్కల నిండా గీతలు గీసి, మందు రాసి బూడిదరంగు తెప్పించారు. ఎందుకు? హైమ్ బీరు దుకాణంలో చెప్పే పిస్తోలులా కనిపించాలి కాబట్టి. లాంగుట్ తనని అనుమానిస్తున్నాడని ముందే పసిగట్టి, చేతిలో ఉన్నదాన్నే ఇలా సిద్ధం చేసుకుని ఉంటాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. కానీ ఆఖర్న సానరాయి తీసుకుని అంచులు చంపేశాడు. చంపకూడదని తెలుసు. పదునుగా ఉండాలని కాగితం మీద రాశాడు కూడా. తెలిసీ చేశాడు, ఎందుకంటే అది చేతి అలవాటు, చేస్తున్నట్టు అతనికే తెలియలేదు. ఆ దొంగ నలభై ఒకటి అంచులు కూడా తడమండి. ఒక్క చేతి పనే. చింత చచ్చినా పులుపు చావదు."

"ఈ ఊళ్ళో పనిచేసిన ప్రతివాడికీ అంచు చంపడం వచ్చు," అన్నాడు ట్రౌట్.

"వచ్చు. నాకూ వచ్చు. గరుకు పిస్తోలుని అద్దంలా చెయ్యడం, అద్దాన్ని గరుకుగా చెయ్యడం, రెండూ ఇంత బాగా వచ్చినవాళ్ళు ఎంతమందో చెప్పండి మేస్త్రి గారూ. మీకు తెలిసిన ఇంకో పేరు చెప్పండి, ఇప్పుడే వెళ్ళి పట్టుకొస్తాను."

ట్రౌట్ డ్రెసెన్ చేతిలోని పిస్తోలు వైపు చూశాడు. నాకు ఆయన మీద కోపం ఉడికిపోతూనే ఉంది, అయినా ఆ చూపు నన్ను కలవరపెట్టింది. తప్పు దొరికినవాడి చూపు కాదది. తన పని చూసుకుంటున్నవాడి చూపు.

"పద్నాలుగో ఏట చేరాను," అన్నాడు మెల్లగా. "చివరి ఏడాది పై నుంచి హుకుం వచ్చింది, మెరుగు వద్దు, అంచులు చంపొద్దు, అలాగే పంపించండి అని. మా మేస్త్రి ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడమ్మా. అలాంటి పని నా చేతిలోంచి మళ్ళీ…" అంతటితో పెదవులు బిగించేశాడు. మళ్ళీ మాట్లాడేసరికి గొంతు మారిపోయింది. "నేనేమీ ఒప్పుకోలేదు. జడ్జిగారికి అంచులు తడమడం రాదు. ప్రమాణం చేసిన నిపుణుణ్ణి నేను."

గోడ మీది టెలిఫోను మోగింది. డ్రెసెన్ ఎత్తాడు. "చెప్పు… ఎప్పుడు?… పూర్తిగా?" అని, అవతలి మాట ఆఖరిదాకా విన్నాడు. రిసీవరు మూతి మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు.

"హైమ్ ఒప్పుకున్నాడు. రాత్రి ఎనిమిదింటికి తనే కాల్చానని సంతకం పెట్టాడు. జడ్జి ఆఫీసుకి ఆ కాగితం పంపబోతున్నారు."

కాల్చనివాడు కాల్చానని ఎందుకు అంటాడు? ట్రౌట్ మాత్రం చాలా మర్యాదగా టోపీ పెట్టుకున్నాడు.

"చూశారా అమ్మా, పాపం చేసినవాడి మనసే చెప్పేస్తుంది. ఇంక నాతో పనేముంది?" అంటూ తలుపు వైపు కదిలాడు.

"మీరు పిస్తోలు తీసుకుని వెళ్ళాక…" అన్నాడు డ్రెసెన్. నాతోనే, కానీ నా మొహం చూడకుండా. "మీరు వెళ్ళాక అతనికి ఒక మాట చెప్పాను. నువ్వు నోరు విప్పకపోతే, ఇంట్లో పిస్తోలు దాచినందుకు నీ భార్యని కూడా లోపల వేస్తాను, బయట వరండాలోనే ఉంది, ఎంతసేపు అన్నాను. బెదిరింపే. వెయ్యాలని కాదు. పనిచేస్తుందని."

"పనిచేసింది," అన్నాను. చెంప పగలగొట్టాలనిపించింది, దాచడమెందుకు.

డ్రెసెన్ రిసీవరు బల్ల మీద పెట్టి, ట్రౌట్ కన్నా ముందు తలుపు దగ్గరికి నడిచాడు. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"టోపీ తీసి కూర్చోండి మేస్త్రి గారూ. మిమ్మల్ని అదుపులోకి తీసుకుంటున్నాను."

"ఎందుకు? వాడు ఒప్పుకున్నాడుగా!"

డ్రెసెన్ వెనక్కి వచ్చి రిసీవరు ఎత్తాడు. తెగిన వేలు నోట్లో పెట్టుకుని తీశాడు. రెండేళ్ళుగా ఈ మనిషి గొంతు విన్నాను గానీ, అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"ఉన్నావా? ఆ ఒప్పుకోలు జడ్జికి పంపకు. ఆగు, పంపు, కానీ దాని మీద ఈ కాగితం పెట్టి పంపు. రాసుకో. 'ముద్దాయి భార్యని అరెస్టు చేస్తానని బెదిరించి ఈ ఒప్పుకోలు రాబట్టాను. అలా బెదిరించడం చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు.' రాశావా? కింద నా పేరు. హోల్గర్ డ్రెసెన్… అవును, నేనే. నాకు మతి పోలేదు. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రాయి."

అవతలివాడు ఏదో అరుస్తున్నాడు. డ్రెసెన్ రిసీవరు నాకు అందించాడు.

"నాలుగింటికి జడ్జి ముందు మన దగ్గర ఒప్పుకోలు ఉండదు, నిపుణుడు ఉండడు, బహుశా నేనూ ఉండను," అన్నాడు. "మీరు చెప్పింది మొత్తం మొదటి నుంచి చెప్పండి. నెమ్మదిగా. అంచులు తడమడం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు."

నేను రిసీవరు అందుకుని కిటికీ వైపు తిరిగాను. వెలుతురు ఇంకా ఉంది.

"అన్సోర్గ్ మాట్లాడుతున్నాను," అన్నాను. "ముందు వెళ్ళి రోజెల్‌కి చెప్పు, వరండాలోంచి లేచి ఇంటికెళ్ళి ఆలుగడ్డలు తురమమని. తర్వాత వచ్చి కలం పట్టుకో."